చైనా పట్టు, ఆఫ్రికా పిక్క, మన సంచి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

విదేశీ సరుకులపై సుంకాలు బాగా పెంచాలని, ప్రజలు దేశంలో తయారైన వస్తువులనే కొనాలని వాదిస్తూ గత సంచికలో ఒక వ్యాసం వచ్చింది. దాని మీద ఈసారి ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల నుంచి ఉత్తరాలు ఎక్కువగా అందాయి. మెచ్చుకోళ్లనూ తిట్లనూ పక్కన పెట్టి, నిజంగా ఒక సందేహం ఉన్న ఐదు ఉత్తరాలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మాది నాలుగు తరాలుగా పట్టు నేసే ఇల్లు. చైనా ముడి పట్టుపై సుంకం రెట్టింపు చేయాలని కళాశాల పోటీలో వ్యాసం రాసి బహుమతి తెచ్చుకున్నాను. నాన్నగారు అది చదివి, "మన పొట్ట మనమే కొట్టుకున్నట్టుంది" అన్నారు. దేశీ పట్టును కాపాడితే నేతవారికి నష్టం ఎలా వస్తుంది? – ఒక విద్యార్థిని, బరంపురం

జవాబు: బహుమతి మీకు న్యాయంగానే వచ్చి ఉంటుంది, కానీ లెక్క తెలిసిన మాట మీ నాన్నగారిది. పట్టుగూళ్లు పెంచే రైతుకూ, గూటి నుంచి దారం తీసే రీలరుకూ ముడి పట్టు అమ్ముకునే సరుకు. మగ్గం ముందు కూర్చున్న మనిషికి అదే కొనుక్కునే సరుకు. సుంకం పెరిగితే హిందూపురంలోనూ, కర్ణాటకలోని రామనగరలోనూ గూళ్ల ధర నిలబడుతుంది. అదే సుంకం బరంపురం చేరేసరికి మీ ఇంటి పడుగు, పేకల ఖర్చుగా మారుతుంది.

ముడి పట్టు కిలో 4,000 రూపాయలని అనుకుందాం. ధర రోజుకొక తీరుగా ఉంటుంది కనుక ఇది లెక్క కోసం తీసుకున్న అంకె మాత్రమే. దాని మీద 15 శాతం సుంకం అంటే కిలోకు 600 రూపాయలు. ఉడకబెట్టి జిగురు తీసేసరికి ముడి పట్టు బరువులో దాదాపు నాలుగో వంతు పోతుందని మీకు నేను చెప్పనవసరం లేదు. అంటే 600 గ్రాముల పట్టున్న చీర నేయడానికి 800 గ్రాముల ముడి పట్టు కావాలి, ఆ చీర మీద సుంకం బరువు 480 రూపాయలు. మీ నాన్నగారు చైనా పట్టును చేత్తో ముట్టుకోకపోయినా ఈ బరువు ఆయనను వదలదు, ఎందుకంటే పోటీ సరుకు ధర పెరిగినప్పుడు దేశీ సరుకు అమ్మేవారు కూడా తమ ధరను దాని దగ్గరి దాకా జరుపుతారు. సుంకం కట్టేది దిగుమతిదారే అయినా, దాని ప్రభావం దిగుమతి కాని సరుకు మీద కూడా పడుతుందన్న ఈ ఒక్క విషయం అర్థమైతే ఈ చర్చలో సగం అర్థమైనట్టే.

ఆ 480 రూపాయలను చీర ధరలో కలుపుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. కలపలేరు. దుకాణంలో మీ చీర పక్కనే, అదే గుడి అంచు బొమ్మను పవర్‌లూమ్ మీద పాలియెస్టరుతో దింపిన చీర నాలుగో వంతు ధరకు వేలాడుతూ ఉంటుంది. దాన్ని చూసిన ఖాతాదారు బేరం మొదలుపెడతాడు, నేతవారికి దారమిచ్చి కూలికి నేయించే మాస్టర్ వీవర్ ఆ తేడాను చివరికి మజూరీలో సర్దుతాడు. ఠాకురాణి యాత్రప్పుడు అమ్మవారు వచ్చి విడిది చేసే ఆ దేశీబెహరా వీధిలోనే మగ్గాల చప్పుడు ఎంత తగ్గిందో మీరు నాకంటే దగ్గరగా చూసి ఉంటారు. ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన దేరా అనే నేత కులంవారిని దెబ్బ తీసిన పోటీలో పెద్ద భాగం సముద్రం దాటి రాలేదు. దేశం లోపలి నుంచే వచ్చింది. దాని మీద కస్టమ్స్ సుంకం వేయడానికి దారి లేదు. చేనేతకు కొన్ని రకాలను ప్రత్యేకించిన 1985 నాటి చట్టం ఉంది. మొదట 22 రకాలున్న ఆ జాబితా 1996లో 11కు తగ్గింది, చీర ఇప్పటికీ అందులో ఉంది. నా దృష్టిలో, ఆ చట్టాన్ని అంగట్లో అమలు చేస్తే నేతవారికి కలిగే మేలు, పట్టు సుంకం ఎటు జరిపినా కలగదు.

ఇక మీ నాన్నగారి మాటలో లోపం ఎక్కడుందో కూడా చెప్పాలి. 2011 బడ్జెట్‌లో ముడి పట్టుపై సుంకాన్ని 30 శాతం నుంచి ఒక్కసారిగా 5 శాతానికి దించారు. గూళ్ల ధర పడిపోయి రైతులు రోడ్డెక్కారు. 2013లో దానిని 15 చేశారు, తరువాత 10కి తెచ్చారు, 2021లో మళ్లీ 15 చేశారు. మల్బరీ తోట వేసిన రైతు, రేపు ధర ఎలా ఉంటుందో తెలియక తోట పీకేస్తే, ఆ తరువాత నేతవారికి మిగిలేది ఒకే ఒక్క అమ్మకందారు. అప్పుడు ధర చెప్పేది చైనాయే. పదేళ్లలో నాలుగుసార్లు మారిన సుంకం అటు రైతునూ కాపాడలేదు, ఇటు నేతవారినీ ఊపిరి తీసుకోనివ్వలేదు. ఒక మోస్తరు సుంకాన్ని ఇన్నేళ్లు ఉంటుందని ముందే చెప్పి, ఆ కాలంలో తెగకుండా సమంగా నడిచే బైవోల్టిన్ అనే మేలురకం పట్టు మన దగ్గర పెరిగేలా చూడడం మేలని నేను అనుకుంటాను. చైనా దారాన్ని నేతవారు ఇష్టపడేది చవక కోసం మాత్రమే కాదు. మగ్గం మీద పోగు తక్కువగా తెగుతుంది, తెగిన ప్రతి పోగూ పనిలో పోయిన సమయమే.

చేనేతకు ఇచ్చే నూలు, పట్టుపై 15 శాతం ధర రాయితీ పథకం ఒకటి కేంద్రం నడుపుతోంది, పరిమాణానికి హద్దు ఉంది. ఒక చేత్తో 15 వేసి, ఇంకో చేత్తో, కాగితాలన్నీ సరిగ్గా ఉన్నవారికి, 15 తిరిగి ఇవ్వడం అన్నమాట. నవ్వాలో ఏడవాలో మీ నాన్నగారినే అడగండి.

ప్రశ్న: సుంకాల గోడ కట్టుకుని బాగుపడిన దేశం ఏదైనా ఉందా? మన దేశం 1991కి ముందు అలాగే చేసి వెనకబడిందని మా మాస్టారు చెబుతారు. – డిగ్రీ విద్యార్థి, రాయగడ

జవాబు: ఉన్నాయి. వాటిలో మొదటిది, స్వేచ్ఛా వ్యాపారం గురించి ప్రపంచానికి పాఠాలు చెప్పిన ఇంగ్లండే. మచిలీపట్నం వంటి రేవుల నుంచి వెళ్లిన అద్దకపు బట్టలకు అక్కడి జనం ఎగబడుతున్నారని, 1700లో చేసిన చట్టంతో భారత అద్దకపు నూలు బట్టల దిగుమతిని ఆపారు. 1721లో మరో చట్టంతో వాటిని ధరించడాన్ని కూడా చాలావరకు నిషేధించారు. ఆ నిషేధాన్ని 1774లో ఎత్తివేసే నాటికి అక్కడ నూలు వడికే యంత్రాలు పుట్టుకొచ్చాయి. ఆపైన అదే దేశం ఇక్కడ ఏం చేసిందో చూడండి. ఆదాయం కోసం 1894లో విదేశీ బట్టపై 5 శాతం సుంకం వేయవలసి వచ్చినప్పుడు, లాంకషైర్ మిల్లుల యజమానులు గోల చేస్తే, 1896లో ఆ సుంకాన్ని తగ్గించడమే కాక భారతీయ మిల్లు బట్టపై కూడా 3.5 శాతం ఎక్సైజు వేసి సమం చేశారు. దాన్ని తొలగించడానికి దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది. 1905 ఆగస్టు 7న కలకత్తాలో మొదలైన స్వదేశీ ఉద్యమానికి ఈ గాయం కూడా ఒక కారణం. ఆ తేదీనే 2015 నుంచి జాతీయ చేనేత దినంగా జరుపుతున్నారు.

మీ మాస్టారు చెప్పింది కూడా తప్పు కాదు. 1991కి ముందు గరిష్ఠ సుంకం 300 శాతం పైనే ఉండేది. అయితే జబ్బు గోడలో మాత్రమే లేదు, గోడ లోపల ఎవరు ఎన్ని వస్తువులు తయారు చేయాలో కూడా లైసెన్సు చెప్పేది. బయటి పోటీ లేదు, లోపలి పోటీ కూడా లేదు. మా నాన్నగారు స్కూటరుకు డబ్బు కట్టిన ఏడాది నేను ఆరో తరగతిలో ఉన్నాను. బండి ఇంటికి వచ్చిన రోజు నేను ఇంటర్ పరీక్ష రాసి వచ్చాను. వీధి వీధంతా వచ్చి చూసింది. ఆ కంపెనీకి బండిని మెరుగుపరచవలసిన అవసరం ఏముంది? వరసలో మనిషి ఎలాగూ నిలబడే ఉన్నాడు.

దక్షిణ కొరియా కూడా 1960, 70 దశకాలలో తన పరిశ్రమలకు గోడ కట్టింది, కానీ ఎగుమతి లక్ష్యం చేరుకోని కంపెనీకి ప్రభుత్వ రుణం కట్ అయ్యేది. గోడ ఇచ్చినవాడు గడువూ పరీక్షా కూడా పెట్టాడు. మనం గోడ ఇచ్చి పరీక్ష మరిచిపోయాం.

1991 జులై బడ్జెట్‌లో గరిష్ఠ సుంకాన్ని 150 శాతానికి దించడం మొదలుపెట్టి, 2007-08 నాటికి పారిశ్రామిక వస్తువులపై గరిష్ఠ సుంకాన్ని దాదాపుగా 10 శాతానికి తెచ్చారు. ఆ దారి తెరిచిన ప్రధాని పి.వి. నరసింహారావు 1996లో నంద్యాల, బరంపురం రెండు చోట్లా గెలిచి, నంద్యాలను వదులుకుని బరంపురాన్ని ఉంచుకున్నారన్నది మన జిల్లాలో కుర్రవాళ్లకు చాలామందికి తెలియదు.

ప్రశ్న: పర్లాకిమిడి దగ్గర మాకు నాలుగెకరాల జీడితోట ఉంది. మేము పిక్క ఏరి బస్తాలకెత్తే సమయానికి పలాస వ్యాపారి "ఆఫ్రికా పిక్క దిగింది, ధర లేదు" అంటాడు. అసలు దాన్ని రానివ్వకుండా చేస్తే సరిపోదా? – ఒక రైతు, గజపతి జిల్లా

జవాబు: మీ బాధ నిజం, కానీ మీరు అడిగిన మందు మీకే ఎదురు తిరుగుతుంది. జీడి విషయంలో ప్రభుత్వం రెండు చోట్ల రెండు రకాలుగా వ్యవహరిస్తోంది. పగలగొట్టి పొట్టు తీసిన పప్పు మీద సుంకాన్ని 2019 బడ్జెట్‌లో 45 శాతం నుంచి 70 శాతానికి పెంచింది. పచ్చి పిక్క మీద సుంకాన్ని మాత్రం 2018లో 5 శాతం నుంచి 2.5 శాతానికి తగ్గించింది. అంటే గోడ కట్టింది ఫ్యాక్టరీకి, తలుపు తీసింది మీ తోట వైపు.

అలా ఎందుకు చేశారంటే, దేశంలో పండే పిక్క మన ఫ్యాక్టరీల సామర్థ్యంలో సగానికి కూడా చాలదు. బయటి పిక్కను పూర్తిగా ఆపితే పలాసలో బట్టీలు, కటింగు యంత్రాలు ఏడాదిలో కొన్ని నెలలే తిరుగుతాయి. పొట్టు తీసి, గుండు, బద్ద వేరు చేసి గ్రేడింగు చేసే ఆడవాళ్లకు మిగతా నెలల్లో పని ఉండదు. వారిలో మీ జిల్లా నుంచి వెళ్లేవారు కూడా ఉన్నారు. ఇంకా ముఖ్యమైన విషయం, ఫ్యాక్టరీలు మూతపడితే మీ బస్తా కొనేవాడు తగ్గిపోతాడు, ఒక్కడే కొనేవాడు మిగిలిన సంతలో ధర ఎలా ఉంటుందో రైతుకు వేరే చెప్పాలా?

అయినా వ్యాపారి చెప్పే కారణాన్ని యథాతథంగా నమ్మకండి. టాంజానియా పిక్క అక్టోబరు నుంచి కోతకు వస్తుంది, మీ పంటకు అది అడ్డు రాదు, పైగా ఫ్యాక్టరీని మన పంట వచ్చేదాకా బతికించి ఉంచుతుంది. మీకు తగిలేది ఐవరీ కోస్టు, బెనిన్ వంటి పశ్చిమాఫ్రికా దేశాల పిక్క. అది కూడా మన పంటలాగే ఫిబ్రవరి తరువాతే కోతకు వస్తుంది. కనుక ఏడాది పొడవునా ఒకే సుంకం పెట్టేకంటే, మన పిక్క సంతకు వచ్చే నెలల్లో ఎక్కువగా, మిగతా నెలల్లో నామమాత్రంగా పెట్టడం న్యాయమని నా అభిప్రాయం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం రైతులూ, మీరూ రాష్ట్ర సరిహద్దు మరిచి కలిసి అడగవలసింది అదే.

సుంకం గోడ ఎంత ఎత్తయినా కన్నాలు పడతాయని కూడా గుర్తుంచుకోండి. పప్పు మీద 70 శాతం ఉందని తెలిసి, దానిని పశువుల దాణా పేరుతోనూ, వేయించిన పప్పు పేరుతోనూ దింపిన సందర్భాలు బయటపడ్డాయి.

మరొక సంగతి. వ్యాపారి 80 కిలోల బస్తాకు ధర చెప్పేటప్పుడు, అందులో పప్పు ఎంత దిగుతుందో అతను ముందే కోసి చూస్తాడు. మంచి పిక్క అయితే బస్తాకు 20 నుంచి 23 కిలోల దాకా పప్పు దిగుతుంది. దోసెడు పిక్కలు మీరు కూడా కోసి, తూచి, తరువాత బేరానికి కూర్చోండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పడగొట్టిన చెట్ల స్థానంలో అంటు మొక్కలు వేసినవారి పిక్కకూ, ముసలి చెట్ల పిక్కకూ ఒకే ధర కట్టే అలవాటు ఆఫ్రికా వల్ల రాలేదు, మనం తూచకపోవడం వల్ల వచ్చింది.

ప్రశ్న: అమెరికా మన రొయ్యల మీద సుంకం వేస్తే అన్యాయమని గగ్గోలు పెట్టాము. మనం ఇతరుల సరుకు మీద వేస్తే దేశభక్తి అంటున్నాము. ఇది రెండు నాల్కల మాట కాదా? – రొయ్యల చెరువు రైతు, గంజాం జిల్లా

జవాబు: అవును. 2025 ఆగస్టు 27న భారతీయ సరుకులపై అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు, అక్కడి మెక్సికో గల్ఫ్ తీరంలో రొయ్యలు పట్టే మత్స్యకారులు దానిని స్వాగతించారు. వారి దృష్టిలో మీరు ఆఫ్రికా పిక్క. మీ చెరువులో పెరిగే వెనామీ రొయ్యకు తల్లి రొయ్య కూడా విదేశాల నుంచి, ఎక్కువగా అమెరికా నుంచే వచ్చి, చెన్నైలో క్వారంటైన్ దాటి హ్యాచరీకి చేరుతుందని తలచుకుంటే, ఏది దేశీ ఏది విదేశీ అన్నది గీత గీసినంత తేలిక కాదని తెలుస్తుంది.

ప్రశ్న: మా అత్తగారు ఇంట్లోకి చైనా వస్తువు రానివ్వనంటారు. మా అబ్బాయి చవగ్గా ఏది దొరికితే అది తెస్తాడు. మధ్యలో సంచి పట్టుకుని సంతకు వెళ్లేది నేను. దేశీ సరుకని ఎంతవరకు ఎక్కువ డబ్బు పెట్టవచ్చు? – గృహిణి, గుణుపురం

జవాబు: అత్తగారి మనసును తప్పుపట్టలేము. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో మన సైనికులు చనిపోయిన తరువాత చాలా ఇళ్లలో ఇదే మాట వినిపించింది. కానీ 2023-24లో చైనా నుంచి మన దిగుమతులు 100 బిలియన్ డాలర్లు దాటాయి. ఇంటి గడప దగ్గర ఆపిన సరుకు ఫ్యాక్టరీ గేటు నుంచి లోపలికి వచ్చిందన్నమాట. మాత్రలకు కావలసిన ముడి మందులు, ఫోనులోని విడిభాగాలు, సోలారు పలకలు అలా వస్తాయి. కాబట్టి పెట్టె మీద దేశం పేరు చూసి ఊరుకోకుండా, నేను ఎక్కువగా ఇచ్చే ఈ పది రూపాయలు ఎవరి చేతికి చేరుతున్నాయి అని అడగడం మంచిది.

ఫోను విషయంలో ఆలోచించవలసిన పని లేదు. 2018లో సుంకాన్ని 20 శాతానికి పెంచాక కంపెనీలు ఇక్కడ బిగించడం ఇంకా పెంచాయి, ఇప్పుడు అమ్ముడయ్యే ఫోన్లు దాదాపు అన్నీ ఇక్కడ బిగించినవే. 2024లో ఆ సుంకాన్ని 15 శాతానికి తగ్గించారు కూడా. రక్షణ పని చేసిందని చెప్పుకోదగిన ఉదాహరణలలో ఇదొకటి, విడిభాగాల సంగతి ఇంకా మిగిలే ఉన్నప్పటికీ. పిల్లల బొమ్మల మీద సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. దానితో పాటు 2021 నుంచి నాణ్యతా ముద్ర తప్పనిసరి చేయడం నాకు నచ్చింది, ఎందుకంటే పిల్లవాడు నోట్లో పెట్టుకునే రంగు గురించి అడగడానికి స్వదేశీ, విదేశీ తేడా అక్కరలేదు. చేతివృత్తులవారికీ, ఏటికొప్పాక వంటి భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకూ ఆ ముద్ర నుంచి మినహాయింపు ఇవ్వకపోతే చట్టం కాపాడదలచుకున్నవారే ముందు మునిగేవారు. ఆ మినహాయింపు ఇచ్చారు.

మీ నెల ఖర్చులో అసలు తేడా వచ్చేది నూనెలో. దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతి సరుకే. 2024 సెప్టెంబరులో ముడి నూనెలపై మూల సుంకాన్ని సున్నా నుంచి 20 శాతం చేశారు, పండగల ముందు ప్యాకెట్ ధర ఎక్కడికి పోయిందో మీకు గుర్తుండే ఉంటుంది. 2025 మే నెలాఖరున దాన్ని 10 శాతానికి దించారు. ఆ సుంకం వల్ల ఎక్కువ నష్టపోయేది వారానికి అరలీటరు పామోలిన్ కొనే ఇల్లు, మేలు జరగవలసింది వేరుశనగ, ఆవాలు, వలిసెలు పండించే రైతుకు. ఆ మేలు రైతు దాకా చేరాలంటే గింజ కొనే గానుగ దగ్గర్లో ఉండాలి. కొరాపుట్ కొండల మీద పూసే ఆ పసుపు పూల చేలలోని వలిసెలు చాలావరకు గింజగానే బయటికి పోతాయి. మీ ఊరి సంతలో గానుగాడించిన వలిసె నూనె దొరికితే ఎక్కువ ధర పెట్టడానికి సందేహించకండి, ఆ డబ్బు ఎక్కడికి పోతుందో మీ కళ్లకు కనబడుతుంది. దొరకని వారం పామోలిన్ కొన్నందుకు అత్తగారి దగ్గర తల దించుకోవలసిన పని లేదు.

ఇక పండగకు చీర కొంటారు కనుక ఒక్క మాట. "చేనేత పట్టు" అని చెప్పి ఎక్కువ ధర అడిగితే, అసలు పట్టని ధ్రువీకరించే ‘సిల్క్ మార్క్’ చీటీ ఉందేమో చూడండి. లేకపోతే కొంగు కుచ్చుల నుంచి రెండు పోగులు లాగి, దుకాణదారు ముందే అగ్గిపుల్లకు చూపించండి. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతుంది. పాలియెస్టరయితే కరిగి గట్టి ఉండ కడుతుంది. కాల్చనివ్వనన్న దుకాణంలో కొనకండి.